ఐదో మనిషికి పూచీ

"అంచులు శుభ్రంగా తీసెయ్ సిబిల్, కార్బెట్ గారికి రొట్టె అంచులు పడవు" అని వంటింటి గుమ్మంలోంచే చెప్పి భర్త హ్యూబర్ట్ వెళ్లిపోయాడు.

పనిమనిషికి గురువారం సెలవు. సంఘం సమావేశాలేమో గురువారాలే, అవీ వీళ్లింట్లోనే. కార్బెట్ గారికి ఏం పడదో లండన్‌లో మనోవిశ్లేషకులందరికీ కంఠతా వచ్చు. తనకేం పడదో పెళ్లయినప్పటినుంచీ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు అనుకుంటూ సిబిల్ కీరా తరిగింది. తనూ ఆ విశ్లేషకుల సంఘంలో సభ్యురాలే. పిల్లల మనసులకు వైద్యం చేస్తుంది. హ్యూబర్ట్‌కి ఉన్న ఓటే తనకూ ఉంది. అయినా గురువారం సాయంత్రం అయ్యేసరికి ఆయన విశ్లేషకుడు, తను టీ పోసే మనిషి.

పోనీ కోప్పడదామా అంటే ఈ ఇంట్లో అదీ కుదరదు. వేరే ఇళ్లలో మొగుళ్లు అరుస్తారు, పెళ్లాలు తిరిగి నాలుగు దులిపేస్తారు, లెక్క సరిపోతుంది. హ్యూబర్ట్ అరవడు. తల ఒక పక్కకి వంచి, గొంతు మెత్తన చేసి, ఆమెకే ఆమె గురించి వివరిస్తాడు. బొగ్గుల బకెట్ ఒక్కసారి నువ్వు మొయ్యి అంటే, అది చిన్నప్పుడు తండ్రి మీద తీరని అలకట. నీ వ్యాసాలు కూడా నేనే టైపు చెయ్యాలా అంటే, అది అన్నయ్య మీద అసూయట. నాకు అన్నయ్యే లేడు కదా అంది. లేడు కాబట్టే అసూయ అంత లోతుగా ఉందన్నాడు. ఆ రోజు రాత్రి సిబిల్ ఆ వ్యాసం టైపు చేసి పడుకుంది. అలా ఎన్ని కోపాలు దిగమింగిందో ఆమెకే తెలియదు.

అది ముప్ఫై ఎనిమిదో సంవత్సరం వసంతం. హిట్లర్ సైన్యం వియన్నాలో దిగింది. అక్కడి విశ్లేషకులు దాదాపు అందరూ యూదులే. వాళ్లను ఇక్కడికి రప్పించాలంటే, తిండికీ నీడకీ ప్రభుత్వం మీద పడరని ఇక్కడివాళ్లెవరో పూచీ పడాలి. ఆ సాయంత్రం నలుగురు మగ డాక్టర్లకు టీ చల్లారేలోపే పూచీ దొరికింది. ఐదో పేరు మాల్వీన దగ్గర అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు.

పెళ్లికి ముందు సిబిల్ వియన్నా వెళ్లి మాల్వీన దగ్గరే ఈ విద్య నేర్చుకుంది. తరవాత ఇద్దరికీ చెడింది. పసికందుకు పుట్టుకతోనే ప్రేమా పగా ఉంటాయని లండన్ వాళ్లంటారు, అవన్నీ తరవాతెప్పుడో వస్తాయని వియన్నా వాళ్లంటారు. దీని మీద మాటలు మానేసుకున్న స్నేహితులున్నారు. ఒక మహాసభలో సిబిల్ వ్యాసం చదివి దిగగానే మాల్వీన లేచి, నిండు సభలో "కథ బాగుంది" అని కూర్చుంది. సిబిల్ హోటల్ గదికెళ్లి ఏడ్చింది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి, ఇవాళ సిబిల్ నోరు విప్పదనే అందరి ధీమా.

"గొప్ప మనిషే, కాదనను. కానీ డాక్టరు చదువు లేదు కదా" అన్నాడు అధ్యక్షుడు కార్బెట్.

"నాకూ లేదండీ" అంది సిబిల్, పళ్లెం పట్టుకుని.

"నీ సంగతి వేరమ్మా. నీకు హ్యూబర్ట్ ఉన్నాడు."

మూల కుర్చీలో కూర్చున్న సంఘం కార్యదర్శి మిస్ టాన్స్‌లీ వియన్నా వెళ్లి ఆ వారమే తిరిగొచ్చింది. "ఆవిడ చేత నాజీలు వీధి కడిగించారు" అంది. "మోకాళ్ల మీద కూర్చోబెట్టి, బ్రష్షు ఇచ్చి. ఆవిడ దగ్గరికి వైద్యానికొచ్చే పిల్లాడి నాన్న పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. నా కళ్లతో చూశాను."

"ఘోరం, ఘోరం" అన్నాడు కార్బెట్. ఇంకో రొట్టెముక్క తీసుకున్నాడు. "అమెరికాలో ఎవరైనా చూసుకుంటారేమో కనుక్కుందాం."

హ్యూబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "ఉన్న మాట చెప్పుకుందాం. ఆవిడ వస్తే రేపు ఓటుతో సహా వస్తుంది, అవతలి వర్గానికి బలం. పైగా ఈ ఊళ్లో పిల్లల కేసులే అంతంతమాత్రం. ముందు దెబ్బ పడేది మా ఆవిడ మీదే. పాపం మొహమాటపడి చెప్పలేకపోతోంది."

సిబిల్‌కి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ తన చేతులు వాడుకున్నాడు, తన టైపు వాడుకున్నాడు, తన గురువారాలు వాడుకున్నాడు. ఇప్పుడు తన పేరు చెప్పి ఒక మనిషిని నట్టేట ముంచుతున్నాడు. అదీ జాలి గొంతుతో! మోకాళ్ల మీద వీధి కడిగే ఆడమనిషి కనిపిస్తూనే ఉంది ఆమెకు. ఆవిణ్ని ఇక్కడికి రాకుండా ఆపేది రోగుల కరువట, డిగ్రీ లేకపోవడమట. ఛీ, అనుకుంది. పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

"పసిపిల్లల గురించి ఆవిడ చెప్పేది తప్పు" అంది. "ఇక్కడికొచ్చాక కూడా అదే తప్పు చెప్తుంది, నేను ప్రతి గురువారం పోట్లాడతాను. తప్పుగా ఆలోచించాలన్నా మనిషి బతికుండాలి కదండీ. ఆవిడకి నేను పూచీ."

"గురువు మీద మమకారం ఇంకా తెగలేదన్నమాట" అని కార్బెట్ చిరునవ్వు నవ్వాడు.

"మమకారమా! పగ. ఎదుటి మనిషిని తన నీడన ఉంచుకుని గెలవాలని" అన్నాడు పక్కాయన.

ఇద్దరూ ఆమె తల మీదుగా వాదించుకోసాగారు, ఆమె అక్కడ లేనట్టే.

"మమకారమో పగో, మీరిద్దరూ తేల్చుకోండి" అంది సిబిల్. "నా పూచీ మాత్రం రాసుకోండి."

"పూచీ అంటే మాటలా?" అన్నాడు హ్యూబర్ట్. "ఆవిడ ఉండటానికి చోటు చూపించాలి."

"ఈ ఇల్లు మా మేనత్త నాకు రాసిచ్చింది. మేడ మీద గది ఇస్తాను."

మిస్ టాన్స్‌లీ అప్పటికే కలం తీసింది. హ్యూబర్ట్ తల పక్కకి వంచాడు. రోగులతో మాట్లాడే ఆ మెత్తని గొంతుతో, నలుగురూ వినేలా అడిగాడు.

"సిబిల్, ఈ కోపం నిజానికి ఎవరి మీద?"

"నీ మీద, హ్యూబర్ట్" అంది ఆమె. "తవ్వి చూడక్కర్లేదు. అడుగున ఇంకెవరూ లేరు."