ఉరుకుందమ్మ వాంగ్మూలంలో కామా

నేను ఒక ఇంగ్లీషు టైపు మిషనును. బొంబాయి కార్ఖానాలో పుట్టాను. మొదటి పదిహేనేళ్లు ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కొట్లో గడిచాయి. ఆ కొట్టు మూతపడ్డాక వేలంలో నన్ను సలోమి కొనుక్కుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. కోర్టు ప్రహరీ పక్కన రేకుల పంచలో బల్ల వేసుకుని అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేసేది. ఆ వరసలో మిగతావాళ్లంతా మగవాళ్లే. ఆడమనిషి ఎన్నాళ్లు కూర్చుంటుందిలే అని నవ్వుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుంది.

సలోమికి ఇంగ్లీషు మిషనరీ బడిలో అబ్బింది. దాంతోపాటు ఒక మొండిపట్టు కూడా వచ్చింది. వెన్, ఇఫ్, ఆఫ్టర్ లాంటి మాటతో వాక్యం మొదలైతే, ఆ ముందు ముక్క ముగిసిన చోట కామా పడి తీరాలి. మన తెలుగుకు ఆ అవస్థ లేదు. "ఆగినప్పుడు" అనగానే ముక్క అక్కడితో తెగిందని చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ పనికి నా కింది వరసలో ఒక చిన్న మీట ఉంది. వకీళ్లు దాన్ని లెక్కలోకే తీసుకునేవారు కాదు. పేజీలకు పేజీలు ఊపిరాడకుండా రాసుకొచ్చేవారు. సలోమి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేది. రాసింది రాసినట్టు కొట్టమని కసురుకుంటే, "నా చేతి మీంచి పోయే కాగితం సార్. తప్పు పోనీను" అనేది.

ఒక ఎండాకాలం ఉదయం జిన్నింగు మిల్లు గుమాస్తా వెంకోబరావు ఒక చిత్తు కాగితం తెచ్చాడు. వెనకే కుడిచేతికి పెద్ద కట్టుతో ఒక మనిషి నిలబడింది. పేరు ఉరుకుందమ్మ. పత్తిలో గింజ తీసే యంత్రంలో ఆమె మూడు వేళ్లు పోయాయి. ఆ కాగితం కార్మిక శాఖ ఆఫీసుకు పంపాల్సిన ఆమె వాంగ్మూలం. వేలిముద్ర కోసం ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. ఆ మిల్లు కాగితాలన్నీ సలోమికే వచ్చేవి. ఆమె ఇంటి పొయ్యి సగం వాటి మీదే వెలిగేది.

అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "వెన్ ది మెషిన్ స్టాప్డ్ సడన్లీ ఐ పుట్ మై హ్యాండ్ ఇన్‌సైడ్." కామా లేదు.

సలోమి వేళ్లు నా మీద ఆగిపోయాయి.

"సార్, ఈ సడన్లీ ఎవరిది? యంత్రానిదా, ఈమెదా?"

"స్టాప్డ్ అన్నాక కామా కొట్టు. మేనేజరు చెప్పినాడు" అన్నాడు వెంకోబరావు.

అక్కడ కామా పడితే, యంత్రం మామూలుగా ఆగింది, ఈమే ఉన్నట్టుండి చెయ్యి పెట్టింది. తప్పు ఈమెది. ఒక్క మాట దాటి సడన్లీ తర్వాత పడితే, ఉన్నట్టుండి ఆగింది యంత్రం. తప్పు మిల్లుది.

సలోమి ఉరుకుందమ్మ వైపు తిరిగింది. "ఏం జరిగిందో నువ్వు చెప్పమ్మా."

"మిషను గబుక్కున నిల్చిపాయ అక్కా. పొద్దున్నుంచీ అట్లనే చేస్తాండె. ఇరుక్కున్న దూది తీయమని మేస్త్రీ అన్యాడు. చెయ్యి పెడితిని. అంతలోకే మళ్లా తిరిగె."

"ఇదంతా నీకెందుకు?" అని గుమాస్తా సలోమి మీద గొంతు పెంచాడు. "రేపట్నుంచి మిల్లు పని నీకు రాదు, చూసుకో."

సలోమి మూడు కాగితాల మధ్య కార్బన్లు పెట్టి నా రోలరులోకి ఎక్కించింది. మేస్త్రీ మాట కూడా కలిపి ఉరుకుందమ్మ చెప్పింది చెప్పినట్టు కొట్టింది. సడన్లీ తర్వాత కామా మీట నొక్కిన నొక్కుకు పై కాగితానికి చిల్లి పడింది. అంత కోపం ఆమె వేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

వెంకోబరావు పై రెండు కాగితాలనూ పట్టుకుని లాగి చింపేశాడు. అడుగు కాపీ మాత్రం నా రోలరు పట్టులోనే ఉంది. నేను వదల్లేదు.

అతను పక్క టైపిస్టు దగ్గర తనకు కావలసినట్టు కొట్టించుకొచ్చి సిరాపెట్టె తెరిచాడు. ఉరుకుందమ్మ ఎడమచెయ్యి కొంగులో దాచుకుంది.

"సలోమక్క చదివి చెప్తేనే ఏలు పెడతా."

సలోమి రెండు కాగితాలూ చదివి, తెలుగులో అర్థం చెప్పింది. ఉరుకుందమ్మ కార్బన్ కాపీ మీద బొటనవేలు అద్దింది. ఇద్దరూ ఆ కాగితం తీసుకుని కార్మిక అధికారి దగ్గరికి నడిచి వెళ్లారు.

విచారణ సంగతి సలోమి తర్వాత చెబుతుంటే విన్నాను. కామా టైపిస్టు తన ఇష్టానికి పెట్టుకుందని మిల్లువాళ్లు వాదించారట. అధికారి ఉరుకుందమ్మను తెలుగులో అడిగితే అదే మాట చెప్పిందట. మేస్త్రీని పిలిపిస్తే అతను తలదించుకున్నాడట. ఉరుకుందమ్మకు పరిహారం వచ్చింది. మళ్లీ మిల్లు గడప తొక్కలేదు. ఎడమచేత్తో తట్టడం నేర్చుకుని జొన్నరొట్టెలు అమ్ముకుంది.

సలోమికి మిల్లు పని పోయింది. మిల్లుకు జడిసి ఇద్దరు వకీళ్లు కూడా ముఖం చాటేశారు. ఆ ఏడు వానలకు రేకులు కారితే నా మీద గోనెపట్టా కప్పి, తను తడుస్తూ కూర్చుంది. పక్క టైపిస్టు జాలిపడి, వెళ్లి మేనేజరుకు ఒక మాట చెప్పుకోమన్నాడు. "తప్పు చేసినోళ్లు చెప్పుకుంటారు లేన్నా" అంది. తరువాత మిల్లు ఆడవాళ్లే ఒక్కొక్కరూ కాగితాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. మా బల్ల ముందు వరస కట్టారు.

కంప్యూటర్లు వచ్చాయి, సలోమి వేళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్టులో, విరిగిన ఫ్యాన్ల కింద ఉన్నాను. నన్నెత్తి చూసినవాళ్లు ఇనుము ఎన్ని కిలోలుంటుందని అడుగుతున్నారు. తూచుకోనివ్వండి, కరిగించుకోనివ్వండి. మేనేజరు చెప్పిన చోట కామా కొట్టిన మిషనును మాత్రం నేను కాను.