దసరా ఉలవలు

మూడో నంబరు గదిలో లద్దె ఎత్తి తోపుడుబండిలో వేసి, అప్పయ్య తడిసిన రంపపుపొట్టును పారతో ఒక వారకి లాగాడు. గుర్రం తనంతట తనే పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. మళ్ళీ వచ్చి అతని వీపుకి మూతి ఆనించింది.

"ఉండు బావా. నీ పక్క వేసేది నేనే కదా," అన్నాడు.

కాగితాల్లో దాని పేరు రాయల్ థండర్. వయసులో ఉండగా రేసులు పరిగెత్తింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. జేగురు రంగు మొహంలో కళ్ళ చుట్టూ తెల్లవెంట్రుకలు దిగాయి, వెన్ను కాస్త జారింది. అప్పయ్య వచ్చిన ఏడాదే దానికి బావ అని పేరు పెట్టుకున్నాడు. మనుషుల్లో అంత చనువుగా పిలవదగ్గవాళ్ళు అతనికి ఈ సింగపూర్‌లో ఒక్కరూ లేరు. "రోజంతా గుర్రంతో వాగుతావు, ఇంటికొస్తే మూగనోము పడతావు," అని బాలనాగమ్మ రాజమండ్రిలో ఉండగానే దెప్పేది. ఇప్పుడు నెలకోసారి ఫోనులోనూ అదే మాట.

నలభై దాటేదాకా అతను గోదావరి స్టేషను దగ్గర జట్కా తోలాడు. ఆటోలు వచ్చి జట్కాల పొట్ట కొట్టాయి. బండి పొయ్యిలోకి పోయింది. గుర్రాన్ని ఎవరో ఇటికల బట్టీవాడు కొని తోలుకుపోయాడు. అతను ఒక ఏజెంటు చేతిలో పడి, ఎనిమిదేళ్ళ కిందట క్రాంజీలోని ఈ గుర్రాల శాలలో తేలాడు. అప్పట్నుంచీ పొట్టు మార్చడం, గిట్టలు గీకడం, జీను కట్టడం. దొడ్డికాళ్ళ పొట్టి మనిషి. నడుస్తుంటే ఇంకా గుర్రంమీదే ఉన్నట్టు కనిపిస్తాడు.

గదులు శుభ్రమయ్యాక అతనిది ఒక చిన్న దొంగ సుఖం ఉంది. జీను లేకుండా, మెడకి ఒట్టి తాడు వేసి బావమీద ఎక్కి, కప్పలు పెంచే తోట దాటి, చెరువు గట్టు కనిపించేదాకా పోయి వస్తాడు. తెల్లవారుజామున ఆ వేళకి రోడ్డుమీద బస్సు కూడా ఉండదు. గుర్రం ఒంటి వేడి తొడల్లోకి ఎక్కుతుంది. దాని ఊపిరీ తన ఊపిరీ ఒక దారిన పడతాయి. రెండు చెవుల మధ్యనుంచి కనిపించే లోకం ఎంత రోతదైనా కాసేపు బాగానే ఉంటుంది. ఈరోజు సన్నగా తుంపర పడింది. బావ ముసలి కాళ్ళతో రెండు దూకులు దూకి, ఇంక చాలన్నట్టు తల ఊపింది. అప్పయ్య నవ్వాడు. ఆ రోజుకి అదే మొదటి నవ్వు, అదే ఆఖరుది.

తిరిగి వచ్చేసరికి శాల మేనేజరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. చీనామె, మంచిదే, కానీ చేతిలో ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది.

"అప్పయ్యా, టుడే యూ సే నో కెనాట్, ఆ? కస్టమర్ వాట్ సే, యూ యెస్ సే. హి సైన్, హార్స్ స్టే. నో సైన్, నెక్స్ట్ వీక్ ఫినిష్."

ఫినిష్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. పని తగ్గిన గుర్రానికి ఈ ఊళ్ళో గడ్డిమైదానాలు లేవు. పశువుల డాక్టరు, ఒక సూది, ఒక లారీ. ఏడాదిపాటు బావను అద్దెకి తమకే ఉంచమని శ్రీనాథ్ అనే ఆయన ఇవాళ సంతకం పెడితే ఆ లారీ రాదు. అప్పయ్య తల ఊపాడు.

శ్రీనాథ్‌కి సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలరోజులుగా శనివారాలు వస్తున్నాడు. ఇలాంటివాళ్ళు ఈ రెండేళ్ళలో పుట్టగొడుగుల్లా లేచారు. లద్దె వాసనంటే వాళ్ళు ముక్కు మూసుకుంటారు. అప్పయ్యకు దానిలో రోత ఏమీ కనిపించదు. గడ్డి తిన్న జీవం వేసేదీ గడ్డే. అతనికి రోత పుట్టించేది వాళ్ళ సెంటు. కొత్త బూట్ల తోలు కంపు. గుర్రం ఎక్కి కూర్చుని సెల్‌ఫోనులో కంపెనీ షేర్లు ఎంత లేచాయో అరిచి చెప్పడం, ఆ అరుపుకి అది బెదిరితే "ట్రైనింగ్ లేదా దీనికి?" అనడం. ముందు గుర్రానికి చెయ్యి వాసన చూపించాలని ఒక్కడికీ తెలియదు. ఫోటో దిగగానే జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటారు. ఆ తుడుపు చూస్తే అతనికి అన్నం సయించదు.

తొమ్మిదింటికి కారు వచ్చింది. శ్రీనాథ్, అతని కూతురు ఆమని, ఇంకా పట్టుపంచెలో ఒక పెద్దాయన దిగారు.

"మా నాన్నగారు, జనార్ధనరావుగారు. గుంటూరునుంచి వచ్చారు. ఇవాళ దసరా కదా అంకుల్, వాహనపూజ చేస్తామంటున్నారు."

"వాహనం మంచిదేనా?" అని పెద్దాయన బావ చుట్టూ ఒకసారి తిరిగాడు. "వయసు మళ్ళినట్టుంది. సరేలే, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు. మా తాతగారు గుర్రమెక్కి పదూళ్ళకి మునసబు చేశారయ్యా. నీది ఏ ఊరు?"

"రాజమండ్రండి."

"అక్కడ ఏం చేసేవాడివి?"

"జట్కా అండి."

"ఓహో, జట్కా!" అని నవ్వి, ఇంక అతనికేసి చూడలేదు.

గిట్టలకి పసుపు రాశారు. నుదుట కుంకం పెట్టారు. మెడలో బంతిపూల దండ వేస్తే బావ మెడ తిప్పి రెండు పూలు తినేసింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడుకి ఉలిక్కిపడితే అప్పయ్య దాని ముక్కుమీద చెయ్యి వేసి నిలబెట్టాడు. తరవాత పెద్దాయన వంగి నాలుగు గిట్టల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఊఁ, ఇప్పుడు తొక్కించుకుంటూ ముందుకి పోనివ్వు," అన్నాడు.

"తాతా, హి ఈజ్ నాట్ ఎ కార్ లా!" అని ఆమని పకపకా నవ్వింది.

ఆ పిల్ల ఒక్కతే నయం. ఎక్కేముందు అరచెయ్యి చాపి బావకి వాసన చూపించింది. అప్పయ్య తాడు పట్టుకుని నాలుగు చుట్లు నడిపించాడు. పిల్ల ఒరిగినప్పుడల్లా బావ తనే అటు జరిగి ఆమెను సర్దుకుంది. అది ఎవరూ నేర్పితే వచ్చే విద్య కాదు. "అంకుల్, హి లైక్స్ మీ!" అంది పైనుంచి. "ఊఁ," అన్నాడు అప్పయ్య. నిజమే మరి.

పిల్ల దిగాక పెద్దాయన కారులోంచి ఒక గుడ్డసంచీ తెప్పించాడు.

"ఐదు కిలోలు. సెరంగూన్ రోడ్డులో వెతికించి కొనిపించాను. ఉలవలు! ఈ దేశంలో గుర్రాలకి ఏ మేత పెడతారో గానీ, గుర్రమన్నాక పండగనాడు ఉలవలు తినాలి."

అప్పయ్య సంచీలోకి చూశాడు. ఎండువి. రాళ్ళలా ఉన్నాయి. జట్కా రోజుల్లో ఉలవలంటే రాత్రి నానేసి, పొద్దున ఉడకేసి, చల్లార్చి, తవుడు కలిపి సోలెడు. ఎండువి తిన్నాక నీళ్ళు తాగితే కడుపులో ఉబ్బి గుర్రం చస్తుందని అతని తండ్రి తొడపాశం పెట్టి మరీ నేర్పాడు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. వద్దండి. అంతే, ఒక్క మాట. కానీ మేనేజరమ్మ ఆఫీసు గుమ్మంలో కాగితం పట్టుకుని ఇటే చూస్తోంది. ఈ పెద్దాయన మునసబు మనవడు. జట్కావాడు కాదంటే మొహం మాడుతుంది. మొహం మాడితే సంతకం పడదు.

"ఇలా ఇయ్యండి. నేను పెడతానండి," అన్నాడు. సంచీ తీసుకుని మాయం చేద్దామని.

"నా చేత్తో పెడతానయ్యా. పుణ్యం నాది కావద్దూ?"

"గుప్పెడే పెట్టండి."

"ఆఁ, ఆఁ."

అంతలో గడ్డి లారీ వచ్చిందని మేనేజరమ్మ కేక వేసింది. మోపులు దింపుతూ అప్పయ్య చెవి ఇటే పెట్టాడు. పటపటమని నమిలే చప్పుడు. గుప్పెడు, ఇంకో గుప్పెడు అనుకున్నాడు. ఇరవై మోపులు దింపి వచ్చేసరికి సంచీ ఖాళీ. తొట్టి అంచున నాలుగు గింజలు. జనార్ధనరావుగారు నీళ్ళ బకెట్టు ఎత్తి పట్టుకుని ఉన్నాడు, పంచె తడిసిపోయింది, మొహం వెలిగిపోతోంది.

"ఎంత ఆకలయ్యా పాపం! మొత్తం ఊదేసింది. దాహమేస్తోందని నేనే నీళ్ళు పెట్టాను."

బకెట్టు సగం ఖాళీగా ఉంది.

అప్పుడైనా చెప్పాలి. ఆఫీసులో శ్రీనాథ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, పెన్ను అడుగుతున్నాడు. అయిపోనీ, అనుకున్నాడు అప్పయ్య. వాళ్ళు పోనీ. బకెట్టు లాగేసి బావని నడిపించడం మొదలుపెట్టాడు. సంతకం అయింది. టీ అయింది. మేనేజరమ్మ ఫోటోలు తీసింది. పెద్దాయన బావ మెడమీద తట్టి, చెయ్యి తుడుచుకుని కారెక్కాడు. ఆమని కిటికీలోంచి చెయ్యి ఊపింది. గంటకి పైనే పట్టింది.

కారు మలుపు తిరగగానే అప్పయ్య ఆఫీసుకి పరిగెత్తాడు. ఎనిమిదేళ్ళలో మేనేజరమ్మ అతని నోట అన్ని మాటలు విన్నది అదే మొదటిసారి. అప్పటికే బావ తన డొక్కకేసి తిరిగి తిరిగి చూసుకుంటోంది. ముందుకాలితో నేల గీరుతోంది. పసుపు రాసిన గిట్టలు పొట్టులో కూరుకుపోతున్నాయి. పడుకోబోతే అప్పయ్య తాడు పట్టి లేపి నడిపించాడు, ఎండలో, వానలో, మళ్ళీ ఎండలో. కుంకం చెమటకి కరిగి ముక్కు మీదికి కారింది. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేస్తే పైకి ఏమీ రాలేదు. పొట్ట డోలులా బిగిసిపోయింది.

మూడింటికి బావ ఉన్నట్టుండి కుదుటపడింది. గింజుకోవడం ఆగింది. మేనేజరమ్మ "ఓకే ఆల్రెడీ?" అంది. డాక్టరు దాని చిగుళ్ళు చూసి తల అడ్డంగా ఊపాడు. లోపల కడుపు పగిలిందన్నాడు. సూది తీశాడు. అప్పయ్య దాని తల ఒళ్ళో పెట్టుకోబోయాడు గానీ గుర్రం తల మనిషి ఒళ్ళో పట్టదు. పక్కన కూర్చుని చెవి మొదట్లో గోకాడు. "పోయిరా బావా," అనలేకపోయాడు. చెప్పాల్సిన వేళ చెప్పని నోరు, ఇప్పుడెందుకు?

మేనేజరమ్మ శ్రీనాథ్‌కి ఫోను చేసింది. కడుపునొప్పి అంది, ముసలితనం అంది, ఉలవల మాట ఎత్తలేదు. ఫోను అప్పయ్యకి ఇచ్చింది.

"అంకుల్, సో శాడ్ అండి. నాన్నగారేమో పండగనాడు పోయింది, పుణ్యజీవి అంటున్నారు. పాపకి ఇప్పుడే చెప్పకండేం. అదే అగ్రిమెంటుమీద వేరే గుర్రం ఇస్తారట కదా? వచ్చే శనివారం కలుద్దాం."

"అలాగేనండి," అన్నాడు అప్పయ్య.

అన్నాక తన గొంతు తనకే రోతగా వినిపించింది. సెంటు కొట్టుకునేవాళ్ళమీదా, తుడుచుకునే చేతులమీదా ఇన్నేళ్ళుగా దాచుకున్న ఏవగింపంతా ఒక్కసారిగా ఇంటికి తిరిగొచ్చినట్టు అతని నోట్లోనే చేరింది. కుళాయి దగ్గరికి పోయి పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. పోలేదు. మేనేజరమ్మ కాగితంమీద రాయల్ థండర్ కొట్టేసి పక్కన ఇంకో పేరు రాసుకుంటోంది.

ఐదింటికి లారీ వచ్చి గొలుసులతో లాక్కుపోయింది. అప్పయ్య మూడో నంబరు గదిలో పాత పొట్టు మొత్తం ఎత్తి, నేల కడిగి, కొత్త పొట్టు పరిచాడు. అది అలవాటు. పార గోడకి ఆనించి తల ఎత్తాడు. మూలన, గుర్రం మూతి అందేటంత ఎత్తులో, నాకడానికని తాడుకి కట్టిన ఉప్పుగడ్డ వేలాడుతోంది. దాని మధ్యలో ఒక నాలుక వెడల్పున నున్నటి గుంట, ఇంకా తడి.