గుంజలు తిన్నగా నిలబెట్టిన వాలు

లోరిస్‌కి పదహారు రోజుల ముందే తెలుసు. సెవెరీనో ఇప్పటికీ అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పే మాట ఇదే. బారులో కూర్చున్నవాళ్లు అవుననరు, కాదనరు. కప్పులో చక్కెర కలుపుకుంటూ ఉండిపోతారు. లోరిస్ పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదు. తన భార్య ఇర్మాకి సొంత అక్క కొడుకు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఈ ఇంట్లోనే పడుకున్నవాడు.

లోరిస్ పెళ్లి వీడియోలు మానేసి, డ్రోన్ కొనుక్కుని, కొండల వీడియోలు తీయడం మొదలుపెట్టి మూడేళ్లయింది. కొండ నెత్తిన ఉన్న వైన్ కంపెనీ వాళ్లు విదేశీ బేరగాళ్లకి చూపించుకోవడానికి ఆ చుట్టుపక్కల లాంగె కొండల మీద ఒక సినిమా కావాలన్నారు. నాలుగు కాలాలూ ఒకే చోటినుంచి కనబడాలి. అక్టోబరు ఆకుల ఎరుపులోంచి జనవరి మంచు, మంచులోంచి మార్చి మట్టి, మట్టిలోంచి ఏప్రిల్ చిగురు కరిగి కరిగి పైకి రావాలి. అందుకని లోరిస్ తన డ్రోన్‌కి ఒకే దారి నేర్పాడు. అదే ఎత్తు, అదే మలుపు, అదే గంట. చర్చి గోపురం దగ్గర లేచి, సెవెరీనో ద్రాక్షతోట వాలు మీదుగా పోయి, కంపెనీ గేటు ముందు దిగుతుంది.

అక్టోబరులో తీసినప్పుడు వరసలన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత చలికాలమంతా వాన వదల్లేదు. ఫిబ్రవరికి వాలు నడుమనున్న గుంజలు పల్లం వైపు ఒరిగాయి. కొండకి అడ్డంగా సాగే వరసలు, బట్టల బరువుకి వేలాడిన దండెంలా మధ్యలో దిగిపోయాయి. పైగట్టున, తోటకి అడ్డంగా ఒక పగులు పుట్టింది.

ఆ కొండల్లో గుంజ ఒరిగితే ముట్టుకోరు. పైన కాలువ తవ్వి నీళ్లు పక్కకి మళ్లిస్తారు, గుంజని ఏడాదిపాటు చూస్తారు, ఎటు పోవాలనుకుంటోందో అదే చెప్పనిమ్మంటారు. సెవెరీనో తండ్రి కూడా అలాగే చేసేవాడు. కానీ ఆయన కాలంలో పైనుంచి చూసేవాడు దేవుడొక్కడే. దేవుడు ఒకడి వంకర వరసల సంగతి ఊళ్లో చెప్పడు. ఇప్పుడలా కాదు. సినిమాని వైన్ కంపెనీ హాల్లో వేస్తారు, ఊరంతా వస్తుంది. వరసలు వంకరగా ఉన్నవాడు తాగుబోతయినా అయ్యుండాలి, పెళ్లాం చచ్చినవాడయినా అయ్యుండాలని అక్కడ అనుకుంటారు. సెవెరీనో తాగేవాడు కాదు. ఇర్మా బతికే ఉంది.

మార్చిలో తొమ్మిది రోజులు రెక్కలు ముక్కలు చేసుకున్నాడు. ట్రాక్టరుకి మోకు కట్టి గుంజల్ని ఒక్కొక్కటే ఎగువకి లాగించి, అడుగున రాళ్లు దట్టించి, నిటారుగా నిలబెట్టాడు. తీగలు పాకడానికి గుంజల మధ్య కొత్త వైర్లు వేశాడు. పగుల్లోకి మట్టి తోసి, రోలరు తొక్కించి, పైన బార్లీ చల్లాడు. ఇర్మా గట్టుమీద నిలబడి చూసింది.

"నిన్న అందులో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. నువ్వు దాన్ని మూస్తే ఏమవుతుంది?" అంది.

"మూసుకుంటుంది" అన్నాడు సెవెరీనో.

మార్చి వీడియో చూసి లోరిస్ మెచ్చుకున్నాడు. దువ్వెనతో దువ్వినట్టున్నాయన్నాడు. ఆ మాటకి సెవెరీనో వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ తర్వాత మొదలైంది. వసంతంలో ప్రతి రైతూ పానా పట్టుకుని వైర్లు బిగిస్తూ తిరుగుతాడు. ఆ ఏడు సెవెరీనో వదులు చేస్తూ తిరిగాడు. సోమవారం అర తిప్పు వదులు చేస్తే, మళ్లీ సోమవారానికి అవి వీణ తీగల్లా బిగిసి ఉండేవి. గాలి లేని పొద్దున కూడా నడిమి వరసల్లోంచి సన్నగా ఒక మోత వచ్చేది, ఎక్కడో దూరంగా ఎవరో నోరు మూసుకుని పాడుతున్నట్టు. చేతి వేలు వైరు మీద పెడితే ఆగేది. తీస్తే మళ్లీ వచ్చేది. ఈ సంగతి అతను ఇర్మాతో కూడా అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

ఏప్రిల్ పదమూడున లోరిస్ చిగురు వీడియో తీశాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనానికొచ్చాడు. ఇర్మా కుందేలు వండింది. వాడు ఎప్పుడూ రెండోసారి వడ్డించుకునేవాడు, ఆ రోజు మొదటిదే కెలుకుతూ కూర్చున్నాడు.

"బాబాయ్, వైర్లు మళ్లీ బిగించావా?" అన్నాడు.

"బిగించక?" అన్నాడు సెవెరీనో. పానా అప్పటికీ అతని జేబులోనే ఉంది.

"పైనుంచి చూస్తే కొంచెం తేడాగా అనిపించింది."

"పైనుంచి చూస్తే మీ పిన్ని కూడా సన్నగానే కనపడుతుందిరా."

ఇర్మా చేతిలో గరిటెతో బెదిరించింది. లోరిస్ నవ్వాడు. ఇంకేమీ అడగలేదు. ఆ రోజు వాడు ఇంకో మాట అని ఉంటే, అంటాడు సెవెరీనో. తను ఇంకో మాట అని ఉంటేనో అని ఎవరూ అడగరు. అడిగే ధైర్యం ఇర్మాకే ఉంది, ఆవిడా అడగదు.

సినిమా ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన, ఆదివారం పూజ అయ్యాక వేశారు. అప్పటికి మూడు రోజులుగా వాన. హాల్లో తడి గొడుగుల వాసన. తెర మీద కొండలు ఎర్రగా మొదలై, తెల్లబడి, మట్టిరంగుకొచ్చి, పచ్చబడ్డాయి. సెవెరీనో వాలు వచ్చినప్పుడు వరసలు ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు. రంగులు మారాయంతే. చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో అతని భుజం తట్టారు. ఇర్మా తట్టలేదు.

చప్పట్లు ఆగాక ఎవాసియో లేచాడు. ఎనభై ఎనిమిదేళ్లు, ఆ లోయలో సగం తోటలకి గుంజలు పాతింది ఆయన చేతులే.

"ఈ చిగురు ఎప్పుడు తీశావు అబ్బాయ్?" అన్నాడు.

ఏప్రిల్‌లోనే, తాతా, అన్నాడు లోరిస్.

"ఏప్రిల్‌లో నేను ఆ కింది రోడ్డునే వచ్చాను. ఆ వరసలు అలా లేవు. కడుపు జారిన గేదెలా ఉన్నాయి."

హాలంతా లోరిస్ వైపు తిరిగింది. వాడు సెవెరీనోని చూడలేదు, నేలని చూస్తూ చెప్పాడు. మార్చి బొమ్మ మీద ఏప్రిల్ బొమ్మ పెడితే చర్చి గోపురం సరిపోయిందట, రోడ్డు సరిపోయిందట, పక్క తోటలు సరిపోయాయట. బాబాయ్ వాలు ఒక్కటే జానెడు కిందికుందట. డ్రోన్ తప్పేమోనని మూడుసార్లు ఎగరేసి చూశాడట. కంపెనీవాళ్లు కొండ వణుకుతున్నట్టుందని విసుక్కుంటే, కంప్యూటర్లో ఆ ముక్కని పైకి లాగి సరిచేశాడట.

"చెప్పబోయాను బాబాయ్. వైర్లు బిగించానన్నావు కదా, మళ్లీ నువ్వే సరిచేసుకున్నావనుకున్నాను."

సెవెరీనో కోటు కుర్చీ మీదే వదిలేసి బయటికి నడిచాడు. వెనక ఇర్మా పిలుస్తోంది, ఎవాసియో ఎవరినో కింది రోడ్డు మీద రాకపోకలు ఆపమని అరుస్తున్నాడు. గట్టు చేరేసరికి మోత వినిపించింది. ఇప్పుడది సన్నగా లేదు. ఒక వైరు తెగింది, తుపాకీ పేలినట్టు. తర్వాత దాని పక్కది. తర్వాత లెక్క తెలియలేదు. అతను చల్లిన బార్లీ, జానెడు ఎదిగిన ఆ పచ్చటి గీత, నోరు తెరిచింది.

కొండ విరిగి పడలేదు. భోజనాల బల్ల మీది గుడ్డని ఎవరో నెమ్మదిగా లాగినట్టు, పాదులన్నీ నిలబడే ఉండి, చిగుళ్లతో సహా కిందికి నడిచాయి. అతను నిలబెట్టిన గుంజలు చివరిదాకా నిటారుగానే ఉన్నాయి. అవి పోయినచోట మిగిలింది నీలపు సున్నపు మట్టి, కడిగిన పింగాణీలా నున్నగా, వానకి మెరుస్తూ. రోడ్డు మీద మనుషులు లేరు. ఎవాసియో అరుపు అందింది.

నష్టం కొలవడానికి వచ్చిన సర్వేయరు ఆ బురదలో అడుగు పెట్టలేనన్నాడు. లోరిస్ డ్రోన్‌తోనే పైనుంచి కొలిచారు, అదే దారిలో, అదే ఎత్తులో. సర్వేయరు లెక్క మీటర్లలో రాశాడు. సెవెరీనో దాన్ని ఒక జత ఎద్దులు ఒక పగలు దున్నే నేలని ఒక జొర్నాతగా, అందులో నూరో వంతుని తావోలగా లెక్కేసే తన తండ్రి లెక్కలోకి మార్చుకుని బారులో చెబుతాడు. రెండు జొర్నాతల పదకొండు తావోలలు. ముప్ఫై నాలుగు వరసలు. మూడు వేల రెండు వందల పదిహేను నెబ్బియోలో ద్రాక్ష పాదులు.