ముక్కు ఒకరిది, చెయ్యి ఒకరిది

నేను ఒక పోపుల పెట్టెను. పనసచెక్కతో తొలిచిన ఏడు గళ్ళ పెట్టెను. బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఒక పల్లెలో పుట్టాను. నన్ను తీసిన దుంగ నిజానికి వీణ కావలసింది. నడుమ సన్నటి పగులు కనబడేసరికి పెద్ద వడ్రంగి దాన్ని తట్టి చూసి, "ఇది పాడదు" అని పక్కన పడేశాడు. పారెయ్యడానికి ఆయన తమ్ముడికి చేతులు రాలేదు. పగులు తప్పించి చెక్క కోసి, గళ్ళు తొలిచి, పైన జరిపే మూత పెట్టాడు. అలా సంగీతం తప్పిపోయి సంసారంలో పడ్డాను.

ఇప్పుడు విశాఖపట్నంలో కుసుమ అనే ఆవిడ ఇంట్లో, అలమర పై అరలో ఉన్నాను. నాలో గుండీలు, దారపుండలు, రెండు సూదులు ఉన్నాయి. మనుషులు వస్తువుకి పని మారుస్తారు గాని పేరు మార్చరు. "పోపుల పెట్టెలో సూదుంది చూడు" అంటుంటారు. అది విన్నప్పుడల్లా కుసుమ తల్లి వరహాలమ్మ గుర్తొస్తుంది నాకు.

వరహాలమ్మ భర్త జోగారావు గూడ్సు బండి గార్డు. పార్వతీపురం సంతలో నన్ను కొని, చంకలో పెట్టుకుని రైల్వే క్వార్టర్సుకి తెచ్చాడు. కొత్తగా కాపురానికొచ్చిన వరహాలమ్మ నన్ను కడిగి, ఎండబెట్టి, ఆవాలు ఒక గదిలో, మెంతులు ఒక గదిలో పోసింది. జీలకర్ర, మినప్పప్పు, మిరియాలు, ఎండుమిరపకాయలు తమ తమ గదులు చేరాయి. ఇంగువ ముక్క ఏడో గదిలో ఒంటరిగా కూర్చుంది. దాని పక్కన ఎవరుండగలరు?

ఆ ఇంట్లో పెద్దావిడ జోగారావు తల్లి అప్పలనరసమ్మగారు. కోడలి వంట బాగుందని ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. బాగుంటే మారు వడ్డించుకునేవారు. బాగోకపోతే, "మా ఇళ్ళల్లో ఇలా చెయ్యరు" అనేవారు. వరహాలమ్మ మారుమాట్లాడేది కాదు. జవాబంతా చేతిలో ఉండేది. మూత జరిపి, చూడకుండానే మూడు వేళ్ళతో తీసి నూనెలో వేసేది. ఇంగువ పొంగగానే వాసన పీల్చి, తలూపి, మూకుడు దింపేది. ఆమె వంటకి గడియారం ఆమె ముక్కే.

కుసుమ పుట్టిన మరుసటేడు వరహాలమ్మకి టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం మీదే ఉంది. పథ్యం తిన్న నాలుగో నాడు వంటింట్లోకి వచ్చి, నా మూత జరిపి, ఇంగువ ముక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆ తరవాత మెంతులు నలిపి చూసింది. జీలకర్ర నలిపి చూసింది. నా ఏడు గదులూ రెండేసి సార్లు తిరిగొచ్చి నేల మీద కూర్చుండిపోయింది. జ్వరం దిగుతూ దిగుతూ ఆమె ముక్కుని పట్టుకుపోయింది. నాలిక మీద ఉప్పు, పులుపు, కారం చుర్రుమనడం మాత్రం మిగిలింది. చారు తాగితే పుల్లటి వేణ్ణీళ్ళు తాగినట్టుండేది. కాఫీ అయితే చేదు నీళ్ళు.

ఎవరికీ చెప్పలేదు. తనకి చేతనయిన పని ఒక్కటే, అదీ పోయిందని ఏ నోటితో చెప్తుంది? ఆవాలు ఎన్ని చిటపటలాడాయో చెవితో విని, మెంతుల రంగు కంటితో చూసి వండడం మొదలుపెట్టింది. చాలా రోజులు గడిచిపోయాయి. జోగారావు పొగడనూ లేదు, తెగడనూ లేదు. బండి దిగొచ్చిన మనిషికి వేడిగా ఉంటే చాలు.

మామగారి తద్దినం వచ్చింది. ఆ రోజు నాలోంచి మిరియాలు, జీలకర్రే బయటికెళ్తాయి. మిరపకాయలకి సెలవు. ముందు గదిలో మంత్రాలు సాగుతున్నాయి. వంటింట్లో వరహాలమ్మ పప్పు రుబ్బుతోంది. పక్కనే పొయ్యి మీద పరమాన్నం. అది అడుగంటింది. మాడు కంపు వంటిల్లు దాటి, వసారా దాటి ముందు గదిలోకి వెళ్ళింది. పొయ్యికి మూరెడు దూరంలో వరహాలమ్మ మాత్రం ప్రశాంతంగా రుబ్బుతూనే ఉంది.

అప్పలనరసమ్మగారు విసురుగా లోపలికొచ్చారు. తిట్టడానికి నోరు తెరిచి, కోడలి మొహం చూసి ఆగిపోయారు.

"నీకు వాసన తెలీటం లేదుటే?"

వరహాలమ్మ తలెత్తింది. గిన్నె వైపు చూసింది. చేతిలో పొత్రం వదిలేసి, "జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ లేదు అత్తయ్యగారూ" అంది.

ఇంతలో ముందు గదిలోంచి జోగారావు కేకేశాడు. "అమ్మా, ఏదో మాడుతున్నట్టుంది!"

"నేనేరా!" అన్నారు అప్పలనరసమ్మగారు, వీధికి వినబడేంత గట్టిగా. "గరిటె నా చేతికిస్తే కునుకు తీశాను. మళ్ళీ వండుతున్నాం. నువ్వు మంత్రం కానియ్యి."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ చెయ్యని తప్పు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ పీట వంటింట్లోకి వచ్చింది. పోపు వేగుతుంటే కళ్ళు మూసుకుని, "ఊఁ... ఇంకా... ఇహ దింపు" అనేవారు. ముక్కు ఒకరిది, చెయ్యి ఒకరిది.

మొదట్లో వరహాలమ్మ అడిగేది. "ఎలా ఉందండీ వాసన?"

"ఇంగువ ఇంగువలా ఉంటుంది. ఎలా ఉందంటే ఏం చెప్పనే?"

వాసనకి మాటలు దొరక్క, ఆవిడ దాని ఊరూ పేరూ చెప్పడం మొదలుపెట్టారు. ఇంగువ కాబూలు వైపు నుంచి వస్తుందట. చిన్నప్పుడు వాళ్ళ వీధిలోకి మూటలేసుకుని పొడుగాటి మనుషులొచ్చేవారట. మిరియం మలయాళ దేశంది. మరి మిరపకాయో?

"అది మనది కానే కాదే. ఓడల మీద ఎవళ్ళో తెచ్చారు. మిరియంలా మండింది కదాని మిరప అనుంటారు. అందుకే చూడు, తద్దినంలో పెట్టం. మన పెద్దవాళ్ళు మిరపకాయ ఎరగరు. పాపం, వాళ్ళు తిన్నదే వాళ్ళకి పెడతాం."

"మరి బంగాళాదుంపండీ?"

"పేరు పెట్టుకున్నంత మాత్రాన బంగాళాదవుతుందా? కాఫీ మాత్రం మనదేవిటి? మా చిన్నప్పుడు పొద్దున్నే తరవాణి. కుండలో పులిసిన అన్నపు కట్టు, ఇంత ఉప్పు వేసుకుని తాగితే మధ్యాన్నం దాకా ఆకలుండేది కాదు."

అలా రోజూ సాగేది. ఒకసారి ఆవిడ చారు పొంగు వాసన తొలకరి చినుకు పడ్డ మట్టిగోడలా ఉందన్నారు. వేగిన మెంతులు పాత పుస్తకంలా ఉన్నాయన్నారు. ఆవిడకే ఆశ్చర్యం, అన్ని మాటలు తనలో ఎక్కడున్నాయా అని. వరహాలమ్మ ఒక్కొక్కటీ మనసులో పెట్టుకునేది. తెలియనివి జోగారావుని అడిగేది. అతను రాయగడలోనో ఖరగ్‌పూర్‌లోనో దుకాణదార్లని వాకబు చేసి చెప్పేవాడు. అత్తా కోడళ్ళకి ఇంత స్నేహం ఎప్పుడు కుదిరిందో అతనికి అర్థం కాలేదు. తోటి గార్డులతో మాత్రం, "మా ఆవిడ చెయ్యి అలాంటిది" అని గొప్పలు పోయేవాడు. పందొమ్మిదేళ్ళు అలా గొప్పలు పోయాడు. నేను నవ్వగలిగితే నవ్వేదాన్నే.

అప్పలనరసమ్మగారు ఒక మాఘమాసంలో వెళ్ళిపోయారు. చివరి వారంలో నోటికి ఏదీ సహించేది కాదు. ఒక మధ్యాహ్నం కోడలు చారు కలిపిన అన్నం తెస్తే రెండు ముద్దలు తిని, "మా ఇళ్ళల్లో ఇలా చెయ్యరే" అన్నారు. కాసేపాగి, "ఇంత బాగా" అన్నారు. వరహాలమ్మ గిన్నె పట్టుకుని గది బయటికొచ్చి, గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడింది.

పదమూడు రోజులూ అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. వరహాలమ్మ ముద్దపప్పు వండి, చారు కాచి, పోపుకి నా మూత జరిపింది. చెయ్యి ఇంగువ గదిలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పీట ఖాళీగా ఉంది.

"ఏమండీ, ఒకసారి లోపలికి రండి."

జోగారావు వచ్చాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. జ్వరం, మాడిన పరమాన్నం, అత్తగారి అబద్ధం, ఆ తరవాతి పందొమ్మిదేళ్ళు. అతను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"అయితే ఇన్నాళ్ళూ ఎవరి వంట తిన్నానే నేను?"

"ఇద్దరిదీనండి."

తన తల్లి గురించి, భార్య గురించి తనకి తెలుసనుకున్నదంతా మళ్ళీ సర్దుకుంటున్నాడేమో. చివరికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆ పీట మీద అతను కూర్చోవడం అదే మొదలు.

"నాకు బొగ్గు పొగా, గోనె సంచులూ తప్ప ఏ వాసనా తెలీదు వరహాలూ."

"తెలిసినదే చెప్పండి. నేను పోల్చుకుంటాను."

నూనె కాగింది. ఆవాలు, మెంతులు, మిరపకాయలు పడ్డాయి. "ఎలా ఉంది?" అంది ఆమె.

"వానకి తడిసిన గోనె సంచి ఎండకి ఆరుతున్నట్టుంది."

"ఇంకా వేగాలి." ఇంగువ వేసింది. "ఇప్పుడో?"

అతను కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మ వచ్చి పక్కన నించున్నట్టుందే."

వరహాలమ్మ ఠక్కున మూకుడు దింపింది.