రెండిళ్ళ పింఛను

సాయంత్రం కాఫీ అవగానే నీన్కె లేచి, కొక్కానికి వేలాడుతున్న వీబ్రెన్ కోటు తెచ్చి అతని ఒళ్ళో పెట్టేది. అతను కప్పులో మిగిలిన ఆఖరి గుక్క తాగి, కోటు తొడుక్కుని, సైకిలెక్కి కాలువ మీది వంతెన దాటి తన ఇంటికి పోయేవాడు. సైకిలు వెనక ఎర్రదీపం మలుపు తిరిగేదాకా ఆమె ముందుగది కిటికీలో నిలబడి చెయ్యి ఊపేది.

ఆ ఊళ్ళో అందరూ ఊపుతారు. వచ్చినవాళ్ళు కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడకపోతే అమర్యాద. నీన్కె ఊపేది మాత్రం మర్యాదకు కాదు, భయానికి. చిన్నప్పుడు అక్క కెనడా ఓడ ఎక్కిన రోజున జనంలో ఎవరి భుజమో అడ్డం వచ్చి, అక్క ఇటు తిరిగిందో లేదో తనకు కనబడలేదు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు గడిచాక, ఊలు మూటలు తేవడానికి భర్త క్లాస్ వ్యాను వేసుకుని బయల్దేరిన పొద్దున, గుండీల బేరం తగిలి తను దుకాణం దాటి వీధిలోకి రాలేదు. వ్యాను మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఎవరు బయల్దేరినా ఆమె కిటికీ వదలదు. వీడ్కోలు ఎక్కువసేపు సాగదీయడమూ భరించలేదు. పళ్ళు పీకించుకోవలసి వస్తే గభాలున పీకించుకోవడమే మేలనుకునే రకం. ఆ కోటు తెచ్చివ్వడం అందుకే.

నాలుగు చలికాలాలుగా ఇదే వరస. ఇద్దరికీ డెబ్భై దాటాయి. ఇద్దరూ ఒంటరివాళ్ళే. భోజనం కలిసే, చేపలసంతకు కలిసే, ఆదివారం గట్టుమీద నడక కలిసే. పడక మాత్రం ఎవరింట్లో వాళ్ళది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు సర్కారు కాస్త పెద్ద పింఛను ఇస్తుంది. ఇద్దరు ఒకే కప్పు కింద చేరితే తలా ఇంత కోస్తుంది. ఒక పొయ్యి మీద రెండు కడుపులు నిండుతాయి గదా అని దాని లెక్క.

పక్కింటి హిస్కె మొదట్లోనే హెచ్చరించింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. "చూడవే నీన్కె, పగలు ఎంతసేపైనా ఉండనీ. రాత్రి నిద్ర నీ ఇంట్లో అయిందా, ఇద్దరి పింఛనూ గోవిందా. మా మరిది వాళ్ళ ఊళ్ళో ఇంటికొచ్చి పళ్ళ బ్రష్షులు లెక్కపెట్టారట."

నీన్కెకు ఆ మాట చాలు. ఊలు, గుండీలు అమ్మి బతికిన సొంత దుకాణంవాళ్ళకు కంపెనీ పింఛను ఏదీ ఉండదు. సర్కారు ఇచ్చేది ఉంది, దుకాణం నడిచినన్నాళ్ళూ పైసా పైసా దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. ఆ దాచినదాన్ని ఆమె 'కుండ' అంటుంది. కుండ ముట్టుకోదు. అది చెడ్డరోజుకు.

వీబ్రెన్ తీరు వేరు. ముప్ఫై ఏడేళ్ళు ఎత్తుడు వంతెన మీద పనిచేశాడు. వంతెన ఎత్తి, కింద పడవల్లో పోయేవాళ్ళకు గాలపుకర్రకు కట్టిన చెక్కబూటు దింపి, అందులో వాళ్ళు వేసిన చిల్లర పైకి లాగి సర్కారుకు జమకట్టాడు. తనకంటూ ఏమీ దాచలేదు. జీతం పడవ మరమ్మతులకూ పొగబెట్టి ఎండించిన ఈల్ చేపలకూ పోయింది.

"నాకు భయమెందుకు?" అనేవాడు. "నేను చిల్లర లాగి వాళ్ళకిచ్చాను. ఇప్పుడు వాళ్ళు నెలనెలా బూటు దింపి నాకిస్తున్నారు."

"రేపు చట్టం మార్చి ఖాళీ బూటు దింపితే?"

"అప్పుడు నీ కుండ దగ్గరికొస్తాను."

"వచ్చి చూడు, మూత మీద నేను కూర్చుని ఉంటాను," అనేది ఆమె.

జనవరిలో ఒక పొద్దున వంతెన చెక్కల మీద కంటికి కనబడని పలచని మంచు పేరుకుంది. జీవితమంతా ఆ చెక్కల మీదే నిలబడి పనిచేసినవాడు వాటి మీదే సైకిలుతో సహా జారిపడ్డాడు. ఎముక విరగలేదు గాని చీలమండ బుడగలా ఉబ్బింది. కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. వీబ్రెన్ ఇల్లేమో పై అంతస్తు, మెట్లు నిచ్చెనంత నిటారు. ఇంకేం చేస్తుంది? నీన్కె అతన్ని తన ఇంటికే తెచ్చి, మూసేసిన దుకాణం గదిలో, గోడపొడుగునా ఉన్న గుండీల సొరుగుల పక్కన మంచం వేసింది.

మర్నాడు పొద్దునే హిస్కె చక్కెర రొట్టె పట్టుకుని పరామర్శకు వచ్చింది. రొట్టె బల్లమీద పెడుతూనే స్నానాలగదిలోకి తొంగిచూసింది.

"బ్రష్షులు రెండున్నాయేమే!"

"కాలు బెణికినంతమాత్రాన పళ్ళు తోముకోడా?"

"నా మాట విని ఒకటి దాచెయ్యి. రేపు నీ కొంప మునిగితే హిస్కె చెప్పలేదనకు."

ఆమె అటు వెళ్ళగానే నీన్కె నీలం హ్యాండిలు బ్రష్షు తీసి సొరుగులో వేసింది. సాయంత్రం దుకాణం గదిలోంచి సొరుగులు ఒక్కొక్కటే లాగుతున్న చప్పుడు వినిపించింది.

"నీన్కె! నా బ్రష్షు ముత్యపుచిప్ప గుండీల్లో ఏం చేస్తోంది?"

"విశ్రాంతి తీసుకుంటోంది. అరవకు."

ఆ సరదా ఆమెకు ఎంతోసేపు నిలవలేదు. దొంగచాటు పని ఆమెకు చేతకాదు. దుకాణంలో ఒక గుండీ ఎక్కువ పోయినా, తక్కువ పోయినా వీధిలోకి పరిగెత్తుకుపోయి సరిచేసిన మనిషి. బుధవారం పొద్దున టోపీ పెట్టుకుని గ్రంథాలయానికి నడిచింది. పద్నాలుగో ఏట బడి మానిన నీన్కె తనకు తెలిసిందంతా అక్కడి అరలముందు నిలబడి నేర్చుకున్నదే. బుధవారాలు అక్కడ వార్తాపత్రికల పక్కన ఒక బల్ల వేసుకుని ఇలోనా అనే అమ్మాయి పింఛన్ల గురించీ పన్నుల గురించీ సలహాలు చెబుతుంది.

"అమ్మాయ్, నేనొక తప్పు చేస్తున్నాను," అంది నీన్కె, కూర్చోకుండానే. "వాళ్ళొచ్చి పట్టుకోకముందే నేనే చెప్పేద్దామని వచ్చాను."

"కూర్చోండమ్మా. ఏం తప్పు?"

"మా ఇంట్లో ఒక మగాడున్నాడు."

పక్కన పత్రిక చదువుతున్న పెద్దాయన పత్రిక కాస్త కిందికి దించాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది ఇలోనా, నవ్వు దాచుకుంటూ.

"సోమవారం నుంచి. కాలు వాపు తగ్గగానే పంపేస్తాను, ఒట్టు."

"పంపడం ఎందుకండీ?"

నీన్కె పింఛను సంగతి, బ్రష్షుల సంగతి, హిస్కె మరిది ఊరి సంగతి అన్నీ చెప్పింది. ఇలోనా వరసగా అడిగింది. పెళ్ళయిందా? లేదు. అతనికి వేరే ఇల్లుందా? ఉంది. అద్దె అతనే కడతాడా? కడతాడు. మీ ఖర్చు మీదేనా? పైసాతో సహా.

"అయితే ఉండనివ్వండి."

"ఎన్ని రాత్రులు?"

"మీ ఓపిక. సర్కారు పడకలు లెక్కపెట్టదమ్మా. రెండిళ్ళున్నాయా, ఎవరి ఇంటి ఖర్చు వాళ్ళే పెట్టుకుంటున్నారా, అంతే చూస్తుంది. ఒక ఇల్లు వదిలేసి ఒకేచోట కాపురం పెడితే అప్పుడు తగ్గుతుంది. అదైనా, ఒక అద్దె తప్పుతుంది, ఒక ఇంటి గ్యాసు తప్పుతుంది. ఆ వైపునుంచి ఎప్పుడైనా చూసుకున్నారా?"

చూసుకోలేదు. పోయేది ఎంతో ఇద్దరికీ కంఠతా వచ్చు. మిగిలేది ఎంతో ఒక్కనాడూ వేసుకోలేదు. ఇలోనా ఒక కాగితంముక్క మీద ఎడంపక్క కొంత, కుడిపక్క కొంత వేసి చూపించింది. తేడా పెద్దగా లేదు. తగ్గేది ఉంది గాని కొంప మునిగేంత కాదు.

"అభినందనలు," అన్నాడు పత్రిక పెద్దాయన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తనంతట తానే వచ్చినందుకు సిగ్గుపడుతూ నీన్కె బయటికొచ్చింది. సంతోషం కలగాలి. కాలువ గట్టునే నడుస్తూ దానికోసం ఎదురుచూసింది. వచ్చింది సంతోషం కాదు, భయం. ఇన్నాళ్ళూ సర్కారు అడ్డమని ఊరుకుంది. అడ్డం సర్కారు కాదని తేలిపోయింది. మరెవరు?

ఇంట్లో ఉండనివాడు ఇంట్లోంచి పోడు. ఇదీ ఆమె మనసు అడుగున ఉన్న మాట. రోజూ కాస్త కాస్తగా పోనిస్తే ఒక్కసారిగా పోవడమనేది ఉండదని ఎక్కడో నమ్మింది. ఊరంతా చదువుకున్నదని మెచ్చుకునే మనిషి, పిల్లకాయ నమ్మకం ఒకటి ఇన్నేళ్ళు మోసింది. ఇప్పుడేం చెయ్యాలి? ఇలోనా చెప్పింది తనలోనే దాచుకోవచ్చు. వాపు తగ్గుతుంది, అతను పోతాడు, అంతా మునుపటిలాగే ఉంటుంది. లేదా నోరు తెరిచి ఉండమని అడగాలి.

వీబ్రెన్ వంటింట్లో ఒంటికాలిమీద నిలబడి, రెండో మోకాలు కుర్చీమీద ఆనించి బఠాణీల సూపు కలుపుతున్నాడు.

"కాలు కింద పెట్టొద్దన్నారు కదా!"

"పెట్టలేదు. కుర్చీమీద పెట్టాను. రేపు మెల్లగా మా ఇంటికి పోగలననుకుంటా. నీకింక ఇబ్బంది ఉండదు."

టోపీ తియ్యకుండానే ఆమె చెప్పేసింది. బల్ల దగ్గర విన్నదంతా, పెద్దాయన అభినందనలతో సహా. వీబ్రెన్ గరిటె ఆపలేదు.

"అది నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"రెండిళ్ళుంటే ఎక్కడ పడుకున్నా పరవాలేదని. సర్కారు కొలువు చేసినవాణ్ణి. ఆ మాత్రం తెలీదా?"

"తెలిసీ నాలుగేళ్ళు మంచులో సైకిలు తొక్కావా?"

"నువ్వే కదా పంపావు! కాఫీ గొంతు దిగీదిగకముందే కోటు తెచ్చి ఒళ్ళో పడేస్తావు. పాపం, రోజంతా భరించింది, ఇక తన ఇల్లు తనకు కావాలి గాబోసు అనుకున్నాను. హిస్కె, బ్రష్షులు, ఇవన్నీ నన్ను మర్యాదగా సాగనంపడానికి నువ్వు చెప్పే సాకులనుకున్నాను."

నీన్కె టోపీ తీసి కుర్చీలో కూర్చుంది. ఆ కోటు ఎందుకు తెచ్చివ్వవలసివచ్చేదో చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అక్క ఓడ చెప్పింది. క్లాస్ వ్యాను చెప్పింది. వీబ్రెన్ పొయ్యి తగ్గించి, గెంతుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మనిద్దర్లో ఎవరో ఒకరం ముందు పోతాం గదా, వీబ్రెన్."

"పోతాం. అందాకా ఏం చేద్దాం? వంతెన మీద అటూ ఇటూ తిరుగుదామా?"

ఆమె ముక్కు తుడుచుకుని, "ఆ ఇల్లు ఇచ్చెయ్యి. ఇక్కడే ఉండు," అంది.

వీబ్రెన్ వాచిన కాలు పక్క కుర్చీమీదికి ఎత్తుకున్నాడు. "సర్కారు ఇల్లది. ఒకసారి వదిలితే ఈ జన్మలో మళ్ళీ రాదు. నువ్వు గెంటేస్తే పడవలో పడుకోవాలి."

"గెంటను."

"పింఛను తగ్గుతుంది. ఇద్దరిదీ."

"తగ్గితే కుండలోంచి తీస్తాను."

"నీ కుండలోది నేను తినను," అన్నాడతను, చెవులు ఎర్రబడి. "ఒకళ్ళ సొమ్ము ఎన్నడూ తినలేదు."

"ఒక్కడివే తింటావా ఏమిటి? ఇద్దరం తింటాం. నా మాట విను. క్లాస్ పోయిన ఏడాది చెడ్డరోజు కాదా? మోకాలు కోసిన ఏడాది? దుకాణం మూసిన ఏడాది? ఒక్కసారైనా మూత తీశానా? తియ్యలేదు. అప్పుడంతా సర్కారు డబ్బే కూడు పెట్టింది. కుండ ఉన్నది నాకు రాత్రిళ్ళు నిద్రపట్టడానికి. అదీ సరిగ్గా చెయ్యలేదు."

"చెడ్డరోజుకు దాచానంటావు కదా."

"చెడ్డరోజులు నా అనుమతి లేకుండానే వచ్చిపోయాయి. మంచిరోజు ఎప్పుడొస్తుందో మాత్రం నేనే చెప్పాలి, వేరే ఎవరూ చెప్పరు."

వీబ్రెన్ గడ్డం గోక్కున్నాడు. "తిండి ఖర్చులో సగం నాది."

"సగం నీదే."

"ఈల్ చేపలు పూర్తిగా నావి."

"అవి నేనెలాగూ తినను. వాసన."

"అయితే సరే," అన్నాడు. సూపు అడుగంటిన వాసన వచ్చింది. ఇద్దరూ లేవబోయారు. ముందు గరిటె అందుకున్నది ఆమె.

హిస్కెకు తెలిసినప్పుడు నెత్తిన చేతులు పెట్టుకుంది. "సర్కారు ఊరికే ఇచ్చేదాన్ని కాదనుకుని మగాణ్ణి తెచ్చుకుంటారుటే ఎవరైనా!" అని, పదినిమిషాలాగి, వాడు గురక పెడతాడా అని అడిగింది. పెడతాడని నీన్కె చెప్పింది. హిస్కెకు కాస్త ఊరట కలిగింది.

మార్చిలో వీబ్రెన్ తన ఇంటి తాళాలు అప్పగించాడు. దుకాణం గది మంచం ఒకరికే చాలదు, పైన ఉన్నది క్లాస్‌తో కాపురం పెట్టినప్పటిది, నడుమ గుంట పడింది. అందుకని ఒక శనివారం ఇద్దరూ బస్సెక్కి పక్క పట్నం లీవార్డెన్‌లో మంచాల దుకాణానికి పోయారు. అంతకు ముందురోజే నీన్కె బ్యాంకుకు వెళ్ళి కుండ మూత మొదటిసారి తీసింది.

దుకాణంలో అమ్మే ఆవిడ బూట్లకింద ప్లాస్టిక్ పరిచి, పడుకుని చూడమంది. ఇద్దరూ కోట్లతోనే పక్కపక్కన వెల్లకిలా పడుకుని పైకప్పు దీపాలు చూశారు. చుట్టూ జనం తిరుగుతున్నారు.

"ఇదైతే పదేళ్ళు గ్యారంటీ," అంది ఆవిడ.

"చాలు, చాలు," అన్నాడు వీబ్రెన్. "మా వయసుకు పదేళ్ళంటే ఎక్కువే. ఇంకా చౌకది ఉంటే చూపించమ్మా."

నీన్కె లేవలేదు. పరుపుమీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి చూసింది.

"ఆయన మాట వినకండి," అంది. "ఇంతకంటే ఎక్కువ కాలం ఆగేది ఏదో అది చూపించండి."