కోళ్లకు కొళాయి

ఆ వీధిలో ఎవరింట్లో కొళాయి కారినా ముందు మేస్త్రికే కబురు వెళ్తుంది. ఆయన వచ్చి, ఆ కొళాయి వంక పరీక్ష తప్పిన కొడుకు వంక చూసినట్టు చూస్తాడు. సంచిలోంచి పానా తీసి, తెల్ల టేపు చుట్టి, మెడ పట్టుకుని బిగించాడంటే అది మళ్లీ జన్మలో ఏడవదు. తెరవాలంటే మాత్రం ఇంట్లో బలమున్నవాళ్లు రావాలి. దాని గురించి ఎవరైనా గొణిగితే, కారడం కావాలా తిరగడం కావాలా తేల్చుకోండి అంటాడు. చుక్క నీరు వృథాగా పడుతుంటే ఆయనకి అన్నం సయించదు. అలాంటి మనిషికి అంతటి మీసం ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఆయన భార్య ముందు గదిలో పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది కాబట్టి పిల్లా పెద్దా అందరూ ఆవిణ్ణి మిషనమ్మ అంటారు. ఊళ్లో వాళ్లందరి కొలతలూ ఆవిడ నోటికొచ్చు, తన కోరికలు మాత్రం ఎవరికీ తెలియవు. ఓ రోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, పెరట్లో ఐదు కోడిపెట్టలు పెంచుకుంటానంది. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరికేనట. ఇన్నేళ్లలో తనకంటూ ఏమీ అడగలేదనీ, ఇది కాదంటే ఇక ఎప్పుడూ ఏమీ అడగననీ చెప్పింది. ఆ రెండో మాటకే మేస్త్రి భయపడ్డాడు. ఏమీ అడగని పెళ్లాంతో కాపురం ఎంత కష్టమో ఆయనకి అనుభవమే. సరేనన్నాడు.

గూడు కట్టడానికి మిషనమ్మ అన్నయ్య వచ్చాడు. ఆయన వడ్రంగి. పనిలో వంక పెట్టడానికి లేదు, నోటికి అడ్డూ లేదు. నేల చెమ్మ తగలకుండా గూటిని మోకాలెత్తు కాళ్ల మీద నిలబెట్టాడు. గాలి ఆడేలా రెండు వైపులా సన్నకళ్ల ఇనుప జాలీ కొట్టాడు. కోళ్లు ఎక్కి పడుకునే కర్ర వాటి వేళ్లకి గుచ్చుకోకుండా అంచులు గుండ్రంగా చిత్రిక పట్టాడు. గుడ్లు పెట్టడానికి మసక చీకటిగా రెండు అరలు, వాటికి బయటి నుంచి తీసుకునేలా మూతలు. కింద రంపపు పొట్టు పరిచాడు. అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి, ఇందులో కోళ్లేమిటి, అద్దెకిస్తే సంసారాలే దిగుతాయన్నాడు.

ఇక నీళ్ల సంగతి. పళ్లెంలో పెడితే అవి కాళ్లు పెట్టి, పొట్టు చిమ్మి, గంటలో బురద చేస్తాయని అందరికీ తెలిసిందే. మేస్త్రి బజారుకెళ్లి కొత్తరకం సరంజామా తెచ్చాడు. మూత ఉన్న బకెట్టు ఒకటి ఎత్తులో పెట్టి, దాన్నుంచి గూట్లోకి పైపు తీసుకెళ్లి, పైపుకి కింది వైపు చిన్న చిన్న స్టీలు మొనలు బిగించాలి. కోడి ముక్కుతో పొడిస్తే మొన కదిలి నీళ్లొస్తాయి. మొన చివర ఎప్పుడూ ఒక చుక్క నిలిచి ఉంటుందని అమ్మినవాడు చెప్పాడట. మేస్త్రి ఇంటికొచ్చి అది చెప్పి పగలబడి నవ్వాడు. బిగించడం చేతకానివాడు దాన్నే గొప్పగా చెప్పుకుంటున్నాడన్నాడు. మిషనమ్మ కూడా నవ్వింది. మొగుడు కొళాయిల గురించి మాట్లాడుతుంటే ఆవిడ ఎప్పుడూ కాదనలేదు.

ఆయన తన పద్ధతిలోనే బిగించాడు. ఒక్కో మొనకీ లోపల అదనంగా వాషరు వేశాడు, తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాడు, దవడలు బిగబట్టి పానా తిప్పాడు. మొనలన్నీ ఎండాకాలపు గచ్చులా పొడిగా మెరిశాయి. వడ్రంగికి మాత్రం నమ్మకం కుదరలేదు. తను కట్టిన గూట్లోకి నీటి పైపు రావడం ఆయనకి మొదటి నుంచీ ఇష్టం లేదు.

"బావా, నీ నీళ్లు కారి నా చెక్క నానిందో, ఈ కోళ్లని తీసుకెళ్లి నీ నెత్తిన కాపురం పెట్టిస్తాను."

"నేను బిగించాక కారడమా? ఒక్క చుక్క కింద పడితే ఈ మీసం తీసేస్తాను. పడకపోతే నీది నువ్వు తీసెయ్."

వడ్రంగి మీసం ఉండీ లేనట్టుండే చీమల బారు. పోయినా ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. కాబట్టి ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. దిగులు పట్టుకున్నది మిషనమ్మకే. పెళ్లికి ముందు ఈ మనిషిని మొదటిసారి చూసినప్పుడు ఆవిడకి కనిపించింది ఆ మీసం ఒక్కటే. మిగతా మనిషిని తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చులే అనుకుంది. అంతటి మీసాన్ని కోళ్ల ముక్కుల మీద పందెం కాసి వచ్చాడు మహానుభావుడు.

కోళ్లు వచ్చాయి. మూడు ఎర్రవి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. గూడెక్కాయి, కర్రెక్కాయి, అరల్లో దూరి చూశాయి, గింజలు తిన్నాయి. మొనల దగ్గరికి మాత్రం రాలేదు. వచ్చినా తల ఒక పక్కకి వంచి చూసి, ఈ మేకులెవరు కొట్టారన్నట్టు వెళ్లిపోయాయి. మేస్త్రి గూటి ముందు చతికిలబడి వేలితో మొన తట్టి చూపించాడు. నోటితో క్లక్ క్లక్ అన్నాడు. ఆ బిగింపుకి ఆయన వేలితో తట్టినా నీళ్లు బద్ధకంగానే వచ్చాయి. కోళ్లు మొన మానేసి ఆయన్నే చూశాయి. కొత్త కదా, నేర్చుకుంటాయిలే అని లేచి పనికెళ్లాడు.

ఎండ ఎక్కేసరికి ఐదూ ముక్కులు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. మిషనమ్మ కిటికీలోంచి చూసింది. పాదం మిషను మీద ఆగడం లేదు, కన్ను గుడ్డ మీద నిలవడం లేదు. ఇక లాభం లేదని లేచి, వెడల్పాటి పళ్లెం నిండా నీళ్లు పోసి గూట్లో పెట్టింది. ఐదు తలలూ ఒక్కసారి వంగాయి. అవి తాగి, మెడలెత్తి, మింగి, మళ్లీ వంగుతుంటే ఆవిడ ప్రాణం కుదుటపడింది. తర్వాత అసలు చిక్కు గుర్తొచ్చింది. సాయంత్రం ఆయన వచ్చి బకెట్టు మూత తీసి చూస్తే? నీళ్లు తగ్గకపోతే మొనలు పనిచేయలేదని తెలిసిపోతుంది. వదులు చేస్తే కారతాయి, కారితే మీసం పోతుంది. అందుకని బకెట్లోంచి ఓ చెంబెడు తీసి మిరప మొక్కలకి పోసి, పళ్లెం కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు వచ్చి జాకెట్టుకి చేతులు కుట్టింది.

సాయంత్రం మేస్త్రి మూత తీసి చూసి మీసం దువ్వుకున్నాడు. నీళ్లు తగ్గాయి. కింద పొట్టు పొడిగా ఉంది. టీ కొట్టు దగ్గర ఆ రోజు ఆయన మాటకి ఎదురు లేదు.

అప్పటి నుంచీ మిషనమ్మకి అది దినచర్య అయిపోయింది. నిజం చెప్పాలంటే ఆవిడకి అందులో సరదా కూడా పుట్టింది. ఇన్నేళ్ల సంసారంలో మొగుడికి తెలియకుండా చేసిన దొంగపని ఇదొక్కటే మరి. కొన్నాళ్లకి ఇంకో సంగతి గమనించింది. తను తీసేది ఒక చెంబే, బకెట్లో తగ్గేది మాత్రం అంతకంటే ఎక్కువ. అంటే కోళ్లు నేర్చుకుంటున్నాయన్నమాట! మొగుడి మీద అనవసరంగా అనుమానపడ్డానే అని సిగ్గుపడింది. అయినా పళ్లెం మానలేదు. అలవాటు, పైగా జాలి.

ఇంతలో మేస్త్రి మేనమామ కూతురి పెళ్లి వచ్చిపడింది. పొరుగూరు, రెండు రోజులుండాలి. కోళ్ల సంగతేమిటన్నది మిషనమ్మ. గింజలు పెట్టి, బకెట్టు నింపి, గూడు గడియ వేసి వెళ్దామన్నాడు మేస్త్రి. అన్నయ్యని చూడమందామా అంటే, ఆ మనిషిని పైపు దగ్గరికి రానిచ్చేది లేదన్నాడు. ఆవిడ కొంచెం తటపటాయించింది. కానీ బకెట్లో నీళ్లు తగ్గడం తన కళ్లతో చూసిందే కదా. సరేనంది.

బయల్దేరే రోజు పొద్దున ఇద్దరూ ఒకరి వెంట ఒకరు పెరట్లోనే తిరిగారు. ఆవిడకి పళ్లెం పెట్టే సందు దొరకలేదు. ఆయన కూడా ఎందుకో ఊరికే చెంబు పట్టుకుని అటూ ఇటూ తచ్చాడి, ఆవిడ ఎదురైనప్పుడల్లా మొహం కడుక్కున్నాడు. బస్సు వేళ మించిపోతోందని తాళం వేసి పరుగెత్తారు.

బస్సు ఊరు దాటింది. ఎండ చుర్రుమంటోంది. మేస్త్రి కిటికీ వైపు తిరిగి, కోళ్లకేం కాదులే అన్నాడు. ఏమవుతుంది, తాగుతున్నాయిగా అన్నది ఆవిడ. తాగుతున్నాయి, తాగుతున్నాయి అని ఆయన మళ్లీ నీళ్లు నమిలాడు. ఆయనకి అబద్ధం దాచుకునే ఓపిక అంతకంటే లేదు.

"నీ దగ్గర దాపరికమెందుకు. మొదట్లో అవి తాగలేదు, మర్నాడు పొద్దున నా కళ్లతో చూశాను. నువ్వు లేవకముందే మూకుడుతో నీళ్లు పెట్టేవాణ్ని. నీకు తెలియకూడదని బకెట్లోంచి రోజూ చెంబెడు పారబోసేవాణ్ని. కానీ రోజూ రెండు చెంబులు తగ్గేది. కాబట్టి మిగతాది అవి తాగినట్టేగా?"

మిషనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఆ రెండో చెంబు నేను పారబోసిందండీ."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఒకే ఇంట్లో రెండు పిల్లులు, రెండూ కళ్లు మూసుకునే ఉన్నాయి. ఆ ఐదు కోళ్లూ ఆ మొనల నుంచి ఇంతవరకూ ఒక్క గుక్క తాగలేదు. నిన్న మధ్యాహ్నం తర్వాత పళ్లెమూ లేదు, మూకుడూ లేదు.

బస్సు ఆపించి దిగారు. కండక్టరు ఏదో అన్నాడు, వినిపించుకోలేదు. దొరికిన ఆటో పట్టుకున్నారు. దారంతా మిషనమ్మ ఏడుస్తూనే ఉంది. ఇన్నేళ్లకి ఒక్కటి అడిగాను, దాన్నీ నా చేతులతోనే చంపుకుంటున్నానన్నది. మీసం కోసం నోరు మూసుకున్నానని తనని తాను తిట్టుకుంది. మేస్త్రి తిట్టించుకోవడానికి తనూ ఉన్నానన్నట్టు పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు. ఊరంతటినీ నీళ్ల విషయంలో ఓదార్చిన మనిషికి, చుక్క తాగని ఐదు కోళ్లు మూడు చెరువుల నీళ్లు తాగించాయి.

ఇంటి వెనక సందులోంచి పెరట్లోకి దూరారు. గూటి తలుపు తెరిచి ఉంది. ఒక మనిషి నడుము దాకా లోపల ఉన్నాడు, మిగతా సగం బయట కనిపిస్తోంది. చేతిలో పానా. మేస్త్రి దగ్గితే, లోపలి తల ఠంగున పైకప్పుకి తగిలి, తేలు కుట్టిన దొంగలా వడ్రంగి బయటికొచ్చాడు.

అబద్ధమాడే సందు కూడా లేదాయనకి. ఎవరూ లేనప్పుడు మొనలు వదులు చేసి, పొట్టు తడిపి, వీళ్లు తిరిగొచ్చాక మీసం పుచ్చుకుందామని వచ్చానని ఒప్పుకున్నాడు. బుద్ధి గడ్డి తిన్నదన్నాడు. కానీ మొదటి మొన వదులు చేసి చుక్క వేలాడగానే ఎర్రకోడి ఒకటి చంక కిందినుంచి దూసుకొచ్చి పొడిచిందట. నీళ్లొచ్చాయి, తాగింది. అది చూసి మిగతావి మీదపడ్డాయి.

"కదలనివ్వడం లేదు చెల్లాయ్. ఒకటి వదులు చేస్తే ఇంకోటి చెయ్యమని వెంటపడుతున్నాయి."

మిషనమ్మ వంగి చూసింది. వదులు చేసిన ప్రతి మొన చివరా ఒక చుక్క మెరుస్తోంది. కోడి దాన్ని చూస్తుంది, పొడుస్తుంది, తాగుతుంది. పొడి మేకుని ఏ కోడి పొడుస్తుంది? తాగి తప్పుకున్న చోట ఒక చుక్క నిండి, బరువెక్కి, టప్పున పొట్టు మీద పడింది. ముగ్గురూ విన్నారు.

మేస్త్రి చెయ్యి అలవాటు కొద్దీ వడ్రంగి చేతిలోని పానా లాక్కుంది. కారుతున్న మొన దాకా వెళ్లింది. మిషనమ్మ ఒక అడుగు పక్కకి తప్పుకుంది. ఇది ఆయన తేల్చుకోవాల్సిందే. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పైపు చివర నల్లకోడి ఒకటే తాగకుండా, ఇంకా వదులు చేయని మొనని పొడిచి పొడిచి, తల ఎత్తి ఆయన వంకే చూస్తోంది.

ఆయన పానా తిరిగి ఇచ్చేశాడు.

"బావా, ఆ చివరిది కూడా వదులు చెయ్యి. పాపం దానికి చుక్క రావడం లేదు."

వడ్రంగి బావ మీసం వంక ఒకసారి చూసి, పానా తిప్పాడు. నల్లకోడి మెడ చాచింది. మిషనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, పెద్ద కత్తెర తెచ్చి గూటి ముందు పీట వేసింది. ఒకరిది కారింది, ఇంకొకరు దొంగతనంగా కార్పించారు. కాబట్టి ఆవిడ లెక్కలో ఇద్దరూ ఓడినట్టే.

"ముందు ఎవరు కూర్చుంటారు?" అంది.