ఆరు డిగ్రీలు ముందుకు

నూనె కాగితం విప్పి, ఇంజను వాల్వులను తెరిచి మూసే కొత్త క్యామ్‌షాఫ్టును స్వరూప రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. పాతదాని కంటే దీని ఉబ్బులు ఎత్తుగా ఉన్నాయి. వాల్వులు ఎక్కువ తెరుచుకుంటాయి, ఎక్కువసేపు తెరిచే ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఇంజను గుండెనిండా గాలి పీలుస్తుంది. తమ్ముడు గోపీకృష్ణ తన పందెం కారు కోసం కోరి కోరి కోయంబత్తూరు నుంచి తెప్పించుకున్నది ఇందుకే.

హాలియాలో సాగర్ రోడ్డు పక్కనున్న ఆ షెడ్డు తండ్రి పోయిన దగ్గర నుంచి స్వరూపదే. ట్రాక్టర్ల ఇంజన్లు విప్పి బిగించే పనితోనే ఇల్లు నడుస్తుంది. గోపి వరికోతల కాలంలో కోత మిషను నడుపుతాడు. మిగిలిన రోజులన్నీ వాడి ధ్యాస మట్టి ట్రాకు మీదే.

కిందటేడు మహబూబ్‌నగర్ అవతల బీడు భూముల్లో పెట్టిన పోటీలో, ఒక వంపు దగ్గర వాడి కారు పల్టీలు కొట్టింది. జనం దాటకుండా కట్టిన తాడుకు ఇవతల నిలబడి స్వరూప అంతా చూసింది. దుమ్ము అణిగేదాకా కారు బోర్లా పడిందో, పక్కకు ఒరిగిందో కూడా తెలియలేదు. మెడ కింద ఎముక విరిగి వాడు బయటపడ్డాడు. దవాఖానలో మెలకువ రాగానే అడిగిన మొదటి మాట, "ఇంజనుకు ఏం గాలే గద అక్కా?"

తల్లి లీలమ్మ వాడితో వాదించడం మానేసింది. స్వరూపతోనే అన్నది. "వాడు నా మాట ఇనడు. ఇంజను నీ చేతులనే ఉంటది గద బిడ్డా. జర నువ్వే జూడు."

క్యామ్ బిగించే రోజు గోపి పక్కనే ఉన్నాడు. పిస్టన్ సరిగ్గా పైకి వచ్చే చోటును స్వరూప డయల్ గేజుతో పట్టింది. పిస్టన్లను ఆడించే క్రాంకుకు డిగ్రీల చక్రం తగిలించి, తయారుచేసినవాళ్లు చెప్పిన లెక్కకు క్యామును కలిపింది. పిస్టన్ నెత్తిన పిల్లలాడుకునే బంకమట్టి అద్ది, వాల్వులుండే హెడ్డు పైన పెట్టి, ఇంజనును చేత్తో తిప్పింది. మళ్లీ విప్పితే వాల్వు దిగిన గుంట కింద మట్టి కావలసినంత మందంగా ఉంది. వాల్వూ పిస్టనూ ఒకదాన్నొకటి తాకవన్నమాట.

"మస్తుంది అక్కా!" అన్నాడు గోపి.

మర్నాడు వాడు కోతకు పోయాక స్వరూప షెడ్డు తలుపు దగ్గరికి వేసింది. క్యామ్ గేరు బోల్టులు వదులు చేసి, ఆరు డిగ్రీలు ముందుకు జరిపి, మళ్లీ బిగించింది. ఇప్పుడు ఇంజను కింది వేగంలో బాగా లాగుతుంది, పైకి పోయేసరికి చతికిలబడుతుంది. తమ్ముడి కారు ఒక హద్దు దాటి ఉరకదు. తల్లి మాట నిలబడుతుంది. తప్పు చేస్తున్నానని ఆమెకు అనిపించలేదు. అనిపించకుండా గబగబా పని ముగించింది.

గోపి తమ చేను పక్క బీడులో గీసుకున్న మట్టి దారి మీద కారు తిప్పి వచ్చాడు. "కింద మంచిగ గుంజుతాంది. పైకి పోతే దానికి ఊపిరాడుతలేదు. ఏమైంటది?"

"పెట్రోలు కలిసే పాళ్లు సరి జెయ్యాలె. కొత్త క్యామ్ గద, జర టైమ్ పడ్తది."

ఆమె లాప్‌టాప్ తగిలించి అవీ ఇవీ మార్చింది. వాడు మళ్లీ తిప్పి వచ్చాడు. అదే మాట. కోతలయ్యేదాకా అట్లాగే సాగింది. అక్క చేతి మీద వాడికి అనుమానమే రాలేదు.

ఒక సాయంత్రం వాడు కారు ఆపి, దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. స్వరూప కిటికీ దగ్గరికి వెళ్లింది.

"లోపం ఇంజన్ల లేదక్కా. నాలనే ఉన్నది," అన్నాడు గొంతు తగ్గించి. "పడ్డకాడి నుంచి నాకు తెల్వకుండనే ఎక్సిలేటరు మీదికెల్లి కాలు లేస్తాందేమో. నేను తొక్కుతున్ననే అనుకుంటున్న. తొక్కుతలేనేమో. రేపు మీటర్ల సూది ఎర్రగీతకు తగిలేదాక ఇడువ. అప్పుడు తెలుస్తది, నేను పిరికోన్నో కాదో."

ఇన్నాళ్లూ స్వరూప వాడిని కాపాడుతున్నాననుకుంది. వాడేమో లోలోపల తననే తాను నమ్మడం మానేశాడు. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. బంకమట్టితో చూసింది క్యామును జరపకముందు. జరిపాక చూడనే లేదు. క్యామ్ ముందుకు జరిగితే గాలి వాల్వు ముందే తెరుచుకుంటుంది, పైకొచ్చే పిస్టన్‌కు దగ్గరవుతుంది. మంచి వేగంలో రెండూ గుద్దుకుంటే ఇంజనే పగులుతుంది. ఇన్నేళ్ల పనిలో ఏ ట్రాక్టరుకూ అట్లా వదిలెయ్యలేదు.

"తాళం ఇటియ్యి గోపీ. నీ కాలు మంచిగనే ఉంది. నేనే క్యామ్ జరిపిన, ఇంజను పైకి పోకుండ."

వాడికి మొదట అర్థం కాలేదు. అయ్యాక దిగి, షెడ్డు బయటికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వడ్ల ట్రాక్టర్లు పోతున్నాయి. చాలాసేపటికి లోపలికొచ్చాడు.

"పోవద్దంటే పోకపోదును. అడిగినవా ఒక్కసారన్న?"

"అడిగితే ఇంటవనుకోలే."

"ఇనకపోదునేమో. గని నన్ను నేనే అనుమానపడేటట్టు జేస్తివి గదక్కా."

ఆమె స్పానర్ అందుకుంది. కాసేపటికి వాడు రెండోది అందుకున్నాడు.

హెడ్డు లేపి చూస్తే ఒక పిస్టన్ నెత్తిన గోరంత మెరుపు గీత ఉంది. వాల్వు అప్పటికే ఒకసారి ముద్దాడింది. వాల్వులు వంగాయేమోనని హెడ్డు తిరగేసి గుంటల్లో పెట్రోలు పోసి చూశారు. బొట్టు కూడా కారలేదు. దేవుడు దయతలిచాడు. గోపి ఆ గీత మీద వేలు పెట్టి అక్క మొహం చూశాడు. కొత్త గ్యాస్కెట్ వేసి, గేరును మొదటి చోటికే తెచ్చి, ఇద్దరూ కలిసి బిగించారు.

"అమ్మకు ఏం జెప్తవ్?" అన్నాడు వాడు.

"ఉన్నదే జెప్త. నువ్వు నాకొక మాటియ్యి. పడ్డ వంపుకాడ కాలు లేపు. భయపడి గాదు, నేనడిగిన్నని."

అదే బీడు భూముల్లో పెట్టిన మరుసటి పోటీకి లీలమ్మ రాలేదు, వద్దనీ అనలేదు. స్వరూప తాడు దగ్గర నిలబడి ఈసారి కూడా అంతా చూసింది. సాపు దారి మీద ఇంజను గొంతు పైపైకి పోయి విచ్చుకుంది. ఆ వంపు రాగానే తగ్గింది. మళ్లీ అందుకుంది. మొదటి వరసలో వాడి పేరు రాలేదు. దిగి హెల్మెట్ తీస్తే మొహమంతా ఎర్రమట్టి, పళ్లు మాత్రం తెల్లగా కనబడ్డాయి.

ఫోను మోగింది. "ఎట్లున్నడు?" అంది లీలమ్మ.

"మంచిగున్నడమ్మా. ఆకలైతాందంటున్నడు," అంది స్వరూప. ఆ మాట అంటూనే ఫోను తమ్ముడి చేతికిచ్చింది.